ఫిర్యాదు పెట్టాలా, ఆర్టీఐ వెయ్యాలా, గ్రామసభలో అడగాలా? ఏ సమస్యకు ఏ దారి

మా కాలనీకి రోజు విడిచి రోజు నీళ్ళొస్తాయి. ఏ రోజన్నది ఖాయం, ఎన్నింటికన్నది మాత్రం దేవుడికెరుక. ఒకసారి తెల్లవారుజామున నాలుగింటికి, ఇంకోసారి పదకొండింటికి. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళే ఇళ్ళలో ఎవరో ఒకరు సెలవు పెట్టి కుళాయి దగ్గర కాపలా కాయాల్సిందే. విసిగిపోయి యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. మూడోరోజు మెసేజ్ వచ్చింది: 'మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.' మళ్ళీ పెట్టాను, మళ్ళీ పరిష్కరించబడినది. మూడోసారి ఆ మెసేజ్ వచ్చిన పూట కుళాయిలో చుక్క లేదు.

కోపం తగ్గాక ఆలోచిస్తే తప్పు సగం నాదేనేమో అనిపించింది. నేను రాసింది 'నీళ్ళు రావడం లేదు' అని. వాళ్ళు వాల్వు తిప్పారు, నీళ్ళొచ్చాయి, ఫిర్యాదు మూసేశారు. నాకు కావాల్సింది ఆ పూట నీళ్ళు కాదు, ఎప్పుడొస్తాయో ముందే తెలియడం. యాప్‌లో దానికి గడి లేదు.

ఆ టైమింగ్ తర్వాత సంపాదించాం. అందుకు వేరే తలుపులు తట్టాల్సి వచ్చింది. ప్రభుత్వ సేవల్లో 'ప్రజల భాగస్వామ్యం' అని ప్రసంగాల్లో ఒకే మాటగా వినిపిస్తుంది గానీ, ఆచరణలో అది ఐదారు దారులు. ఒక్కో దారికీ ఒక్కో బలం, ఒక్కో గుంత. వాటిల్లో ఏది పట్టుకోవాలో తేలక ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే పెద్ద ప్రశ్న: మీకు రిపేరు కావాలా, పద్ధతి మారాలా? మీ వీధి దీపం వెలగకపోతే అది రిపేరు. ఊళ్ళో దీపాలు పాడైన ప్రతిసారీ పది రోజులు చీకట్లో ఉండాల్సి వస్తోందంటే అది పద్ధతి. మొదటిదానికి ఫోన్ చాలు. రెండోదానికి ఫోన్లు ఎన్ని చేసినా చాలవు, ఎందుకంటే ప్రతి ఫోనూ ఒక దీపం దగ్గర ఆగిపోతుంది. మనలో ఎక్కువమంది పద్ధతి మారాలనుకుంటూ రిపేరు అడుగుతాం. నేను చేసిందీ అదే.

రెండోది, రుజువు ఎవరి చేతిలో ఉంది? ఆఫీసు రికార్డుల్లో ఉంటే దాన్ని బయటికి తీయాలి. మీ కళ్ళ ముందే జరుగుతుంటే మీరే రాసిపెట్టుకోవాలి. ఈ రెంటికీ దారులు వేరు.

మూడోది పైకి మాట్లాడరు గానీ పల్లెల్లో అదే అసలు సంగతి: మీ పేరు బయటపడితే మీకేమవుతుంది? రేషన్ డీలరు మీద మాట్లాడేవాడు మళ్ళీ నెల ఆ షాపు ముందే లైన్లో నిలబడాలి. నగరంలో అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు నుంచి ఫిర్యాదు పెట్టేవాడికి ఈ టెన్షన్ తెలియదు.

ఇక ఎంతకాలం ఓపిక పట్టగలరు, పక్కన ఎంతమంది ఉన్నారు అన్నవి ఎలాగూ లెక్కలోకి వస్తాయి.

| దారి | మామూలుగా పట్టే కాలం | ఎంతమంది కావాలి | దేనికి బాగా పనికొస్తుంది | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|
| ఫిర్యాదు (యాప్, ఫోన్, సోమవారం అర్జీ) | రోజుల నుంచి వారాలు | ఒక్కరు | రిపేరు, ఆగిపోయిన ఫైలు | కాగితం మీద 'పరిష్కారం' |
| ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) | 30 రోజులు, అప్పీలుకు వెళితే నెలలు | ఒక్కరు | ఆఫీసులో దాగిన రుజువు | జాప్యం, 'వ్యక్తిగత సమాచారం' అన్న జవాబు |
| గ్రామసభ, వార్డు కమిటీ | మీటింగు నుంచి మీటింగు దాకా | పదిమందైనా | ఏ పని ముందు చెయ్యాలో తేల్చడానికి | సంతకాల సభ |
| సామాజిక తనిఖీ | తనిఖీ బృందం వచ్చినప్పుడు | ఊరంతా | కూలి డబ్బు, దొంగ హాజర్లు | తేలినా వసూలు కాకపోవడం |
| సొంత సర్వే | నెలా రెండు నెలలు | ఐదారుగురు | సేవ తీరు మార్చడానికి | మధ్యలో ఓపిక అయిపోవడం |
| బడ్జెట్‌లో వాటా | ఏడాది | సంఘం | డబ్బు ఎటు పోవాలో చెప్పడానికి | మన దగ్గర తలుపే అరుదు |

## ఫిర్యాదు: తొందరగా తెరుచుకునే తలుపు

ఆంధ్రప్రదేశ్‌లో 1100కి ఫోన్ చెయ్యొచ్చు, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు. తెలంగాణలో జిల్లాల్లో సోమవారం ప్రజావాణి ఉంది. హైదరాబాద్‌ ప్రజాభవన్‌లో 2023 డిసెంబరు నుంచి మంగళ, శుక్రవారాల్లో అర్జీలు తీసుకోవడం మొదలుపెట్టారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా బోర్డు మీద పేరు మారుతుంది, స్పందన అనో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అనో. జనం మాత్రం ఎప్పుడూ 'గ్రీవెన్స్‌కి వెళ్ళొచ్చా' అనే అంటారు. పేరు మారినా సోమవారం మారదు.

రిపేరుకూ, ఎక్కడో ఇరుక్కున్న పింఛను ఫైలుకూ ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఒక అర్జీలో ఒకే సమస్య రాయండి. నాలుగు కలిపితే తేలికైనదానికి జవాబిచ్చి మిగతా మూడూ మూసేస్తారు. 'సరిగ్గా లేదు' అని రాయకండి, కొలిచేలా రాయండి: 'ఫలానా తేదీ నుంచి ఫలానా స్తంభం మీద దీపం లేదు.' రసీదు నంబరు తీసుకోకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలొద్దు.

ఇంకో మాట. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. మంచి సౌకర్యమే, లైన్లో నిలబడే బాధ తప్పింది. కానీ సర్టిఫికెట్ ఫోన్లోకి రావడాన్ని భాగస్వామ్యం అనుకోకూడదు. షాపులో కూర్చోబెట్టి కొలతలు తీసుకున్నంత మాత్రాన చొక్కా మనం కుట్టినట్టు కాదు కదా.

ఫిర్యాదుల వల్ల పద్ధతులు అసలు మారవా అంటే, మారిన సందర్భాలున్నాయి. బెంగళూరులో జనాగ్రహ సంస్థ 2010లో 'ఐ పెయిడ్ ఎ బ్రైబ్' అనే సైటు పెట్టింది. లంచం ఇచ్చినవాళ్ళు ఎక్కడ, దేనికి, ఎంత ఇచ్చారో పేరు చెప్పకుండా రాసేవారు. అలా వచ్చినవన్నీ ఒకచోట పేర్చి చూస్తే రవాణా శాఖ పదేపదే కనిపించింది. ఆ సమాచారం పట్టుకుని అప్పటి రవాణా కమిషనర్ అధికారులను నిలదీశారు, డ్రైవింగ్ పరీక్షను మనిషి దయ మీద కాకుండా సెన్సర్లున్న ట్రాక్ మీద పెట్టే పనికి ఊపొచ్చింది. ఒక్కొక్కటిగా చూస్తే అవన్నీ చిల్లర ఏడుపులే. కుప్పగా పోస్తే ఏ కౌంటరు దగ్గర డబ్బు చేతులు మారుతోందో కనబడింది. మీ వీధిలో పదిమంది పెట్టిన ఫిర్యాదుల నంబర్లు ఒక కాగితం మీద రాసి చూపించడం కూడా అదే పని, చిన్న మోతాదులో.

## ఆర్టీఐ: 'రిజిస్టరు లేదు' అన్నదీ జవాబే

ఈ చట్టం పుట్టుకే ఈ వ్యాసానికి సరైన ఉదాహరణ. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్ళో జన సున్‌వాయీ, అంటే బహిరంగ విచారణ, పెట్టింది. కరువు పనుల మస్టర్లలో (కూలీల హాజరు పట్టీల్లో) ఎవరి పేర్లున్నాయో జనం ముందు చదివారు. ఆ మస్టర్ల నకళ్ళు మాకివ్వండి అని అడగడమే వాళ్ళ పోరాటం. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. అది పెరిగి పెరిగి 2005 అక్టోబరు 12న జమ్మూ కశ్మీర్ తప్ప దేశమంతటా అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టమైంది. సెక్రటేరియట్‌లో కూర్చుని ఎవరూ దీన్ని ఊహించలేదు. కూలి డబ్బులు ఎక్కడికి పోయాయని అడిగినవాళ్ళు కట్టించిన తలుపు ఇది.

మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో. జవాబు రాకపోయినా నచ్చకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు. చాలామంది వాడుకోని వెసులుబాటు ఒకటుంది: నకళ్ళు అడగక్కర్లేదు, ఆఫీసుకు వెళ్ళి రికార్డులు చూస్తామని అడగొచ్చు. మొదటి గంటకు డబ్బు కట్టక్కర్లేదు. పని జరిగిన చోట వాడిన కంకర, సిమెంటు నమూనా కూడా అడగొచ్చు.

'ఎందుకు' అని అడగకండి. 'నీళ్ళు టైముకి ఎందుకు వదలడం లేదు?' అంటే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. మేం ఇలా రాశాం: 'ఫలానా ట్యాంకు పరిధిలో ఫలానా నెలలో వాల్వులు తిప్పిన సమయాలు నమోదు చేసిన రిజిస్టరు నకలు ఇవ్వగలరు.' ఇరవై ఆరో రోజు జవాబొచ్చింది, ఒకే వాక్యం: 'సదరు రిజిస్టరు ఈ కార్యాలయము నందు నిర్వహించుట లేదు.'

మా సంఘంలో కొందరు నీరుగారిపోయారు. నాకు మాత్రం ఆ వాక్యం బంగారంలా కనిపించింది. ఎన్నింటికి నీళ్ళు వదిలారో ఎవరూ రాసుకోవడం లేదని సంతకంతో చెప్పారు కదా.

గుంతలు కూడా చెప్పాలి. రెండో అప్పీలు దాకా వెళితే నెలలు కాదు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. 2023 డేటా రక్షణ చట్టం ఆర్టీఐలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది కాబట్టి పేర్లున్న జాబితాలు అడిగితే వ్యక్తిగత సమాచారమని కాదనే వీలు పెరిగింది. అందుకే మనుషుల గురించి కంటే పనుల గురించి, లెక్కల గురించి అడగడం మేలు. ఇక ఇసుక, భూములు, పెద్ద కాంట్రాక్టుల జోలికి ఒంటరిగా వెళ్ళొద్దు. దరఖాస్తు మీద మీ చిరునామా ఉంటుంది.

## గ్రామసభ, వార్డు కమిటీ: మినిట్స్ బుక్కులో పడితేనే

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో సభలు జరిగాయి. చట్టం ప్రకారం సభకు ఓటర్లందరూ రావాలి. నిజానికి చాలా ఊళ్ళలో ఇరవైమంది కూర్చుంటారు, పుస్తకం మీద సంతకాలు ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి పెట్టించుకుంటారు.

అయినా ఈ దారిని తీసిపారేయను. మిగతా దారులన్నీ 'ఇది తప్పు' అని చెప్పడానికి పనికొస్తాయి, 'ముందు ఇది చెయ్యండి' అని చెప్పే హక్కు ఇక్కడే ఉంది. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ఇక్కడే ఆమోదం పొందాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26కు పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం పనులకే కట్టేసింది, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి. మీ పంచాయతీ ఏ పనులు రాసుకుందో, ఎంత ఖర్చు చూపిందో ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో ఎవరైనా చూడొచ్చు. దాన్ని ప్రింటు తీసుకుని సభకు వెళ్ళండి. చేతిలో కాగితం ఉన్న మనిషిని కార్యదర్శి చూసే చూపే వేరు.

వరంగల్ దగ్గర గంగదేవిపల్లి గురించి వినే ఉంటారు. గీసుకొండ మండలంలో చిన్న ఊరు. నీటికి ఒక కమిటీ, పారిశుధ్యానికి ఒకటి, చివరికి కేబుల్ టీవీకి కూడా ఒకటి పెట్టుకున్నారు. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. దేశం నలుమూలల నుంచీ వచ్చి చూసి వెళ్ళిన ఊరది. అక్కడ ఒక్క సర్పంచి చుట్టూ పని తిరగలేదు, పని పంచుకున్నారు. అదంతా మన ఊళ్ళో కుదురుతుందా అంటే, కులాలవారీగా పార్టీలవారీగా చీలిపోయిన ఊళ్ళో కుదరడం కష్టమే. అలాంటిచోట నీళ్ళలాంటి ఒక్క విషయంతో మొదలుపెడితే నయం, పార్టీ మాట రాకుండా నాలుగు రోజులైనా నడుస్తుంది.

పట్టణాల్లో పరిస్థితి ఇంకా పలచన. తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టమంది, ఒక్కోదాంట్లో 15 మంది: యువత, మహిళలు, పెద్దలు, ప్రముఖులు. మీ వార్డులో ఆ అరవైమంది ఎవరో కనుక్కోండి. సమాధానం దొరికితే అదృష్టవంతులు.

## సామాజిక తనిఖీ: పేరు చదివి అడగడం

ఈ దారిలో మన తెలుగు నేలకు దేశంలో పేరుంది. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ఉపాధి పనుల్ని గ్రామసభ చేత తనిఖీ చేయించాలంది. చాలా రాష్ట్రాలు దాన్ని కాగితం మీద ఉంచేస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే మొదలుపెట్టి, 2009లో ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పాటు చేసింది. కూలీల ఇళ్ళలోని చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, సొంత ఊరికి కాకుండా వేరే ఊరికి పంపుతారు. వాళ్ళు మస్టర్లు పట్టుకుని గడపగడపకూ వెళతారు. తర్వాత ఊళ్ళో సభ, ఆఖరున మండలంలో ప్రజావేదిక.

నేనొక ప్రజావేదిక చూశాను. మండలాఫీసు ఆవరణలో షామియానా, ఎండ దంచేస్తోంది. ఇరవై రెండేళ్ళ అమ్మాయి మైకు పట్టుకుని, ఒక జాబ్ కార్డు మీద పన్నెండు రోజుల హాజరు పడిందని చదివింది. వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. 'ఆ పన్నెండు రోజులూ నేను మా బిడ్డ కాన్పుకు పోయిన సార్. ఊళ్ళోనే లేను.' స్టేజీ మీద అధికారి తల ఎత్తకుండా రాసుకున్నాడు. హాజరు వేసిన అతను చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ కూర్చోలేదు. 'మరి ఆ డబ్బులెవరు తిన్నరు?' అని ఇంకోసారి అడిగింది.

ఆ ప్రశ్న అంతమంది ముందు అడగగలగడమే ఈ పద్ధతి బలం. ఆర్టీఐ జవాబు ఒకరి ఇంటికొస్తుంది, ఇక్కడ జవాబు ఊరంతా వింటుంది. చదువు రాకపోయినా పనికొచ్చే దారి కూడా ఇది.

కానీ ఆవిడ ప్రశ్నకు ఏం జరిగిందన్నదే అసలు చిక్కు. తనిఖీల్లో తేలిన మొత్తాలకూ వసూలైన మొత్తాలకూ పొంతన ఉండదు. ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సెన్ అనే ఆర్థికవేత్తలు 2006 నుంచి 2010 దాకా ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన తనిఖీల నివేదికలు తిరగేశారు. మళ్ళీ మళ్ళీ తనిఖీ జరిగినా అక్రమాల సంఖ్య తగ్గలేదని తేల్చారు. పట్టుకోవడం తేలికైన దొంగ హాజర్ల నుంచి, కూలీలకు అర్థంకాని మెటీరియల్ బిల్లుల వైపు మోసం మళ్ళింది. కొత్త పద్ధతులు ఒక్క ప్రజలకే తట్టవు, తినేవాళ్ళకూ తడతాయి. కాబట్టి తనిఖీ బృందం మీ ఊరికొస్తే హాజర్ల దగ్గర ఆగిపోకుండా సిమెంటు బస్తాలు, ట్రాక్టర్ ట్రిప్పులు కూడా లెక్కపెట్టమని అడగండి.

మేఘాలయ 2017లో సామాజిక తనిఖీకి ప్రత్యేకంగా చట్టమే చేసి, ఉపాధి పనులే కాకుండా ఇతర పథకాలకూ దాన్ని వర్తింపజేసింది. మొదలుపెట్టింది మనం, విస్తరించింది వాళ్ళు. ఇది నాకు కొంచెం మనసుకు గుచ్చుకునే విషయం.

## సొంత సర్వే: ఒక నోట్‌బుక్, ఒక పెన్ను

నా ఓటు దీనికే. ఎందుకో ముందు బెంగళూరు చెబుతుంది. శామ్యూల్ పాల్ అనే ఆయన 1994లో నగరవాసుల్ని అడిగి సేవలకు మార్కులు వేయించారు: ఫోను, కరెంటు, నీళ్ళు, ఆస్పత్రి. పిల్లల ప్రోగ్రెస్ కార్డులాంటిది, ఆఫీసులకు. 1999లో, 2003లో మళ్ళీ చేశారు. మొదటిసారి చాలా ఆఫీసులు పట్టించుకోలేదు. పత్రికల్లో పక్కపక్కన మార్కులు పడుతుంటే మెల్లగా కదిలాయి, 2003 నాటికి జనం సంతృప్తి బాగా పెరిగింది. ఒక్క ఆఫీసును తిడితే అది పట్టించుకోదు. పక్క ఆఫీసు కంటే తక్కువ మార్కులొచ్చాయంటే పట్టించుకుంటుంది.

మా కాలనీలో అంత పెద్ద సర్వే ఏం లేదు. రిటైరైన ఆర్టీసీ కండక్టర్ బాబాయ్ గారు ఒక నోట్‌బుక్కు గళ్ళు కొట్టారు: తేదీ, వీధి, నీళ్ళు మొదలైన టైము, ఆగిన టైము, బిందె నిండటానికి పట్టిన సెకన్లు. మూడు వీధుల్లో ముగ్గురు ఆడవాళ్ళు రాశారు. నలభై రోజులు, ఇరవై సరఫరాలు. వాటిని బాబాయ్ గారు ట్రిప్ షీటు రాసినట్టే ఎక్కించారు, కొట్టివేత కూడా లేకుండా.

నీటి సరఫరా చూసే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి దగ్గరికి వెళితే ఆయన మాట ఒకటే: 'పైనుంచి ఎప్పుడొస్తే అప్పుడు వదుల్తామండీ, మా చేతిలో ఏముంది?'

'బస్సు కూడా ట్రాఫిక్‌ని బట్టే వస్తుంది సార్. అయినా డిపోలో టైం టేబుల్ ఉంటుంది కదా' అన్నారు బాబాయ్ గారు.

తర్వాత నోట్‌బుక్ తెరిచారు. మాకూ అప్పటిదాకా తట్టని విషయం అందులో ఉంది. పొద్దున నీళ్ళొచ్చిన రోజులన్నీ ఒక మనిషి డ్యూటీవి, ఆలస్యమైనవన్నీ ఇంకో మనిషివి. ఒకతను ట్యాంకు వైపు నుంచి వాల్వులు తిప్పుకుంటూ వస్తాడు, రెండో అతను తన ఇల్లు ఆ చివర ఉంది కాబట్టి ఆ చివర నుంచి. 'పైనుంచి' వచ్చే సమస్య కాదది. ఇద్దరికీ ఒకే వరస రాసిస్తే పోయే సమస్య. ఏఈ గారు ఆ పేజీ రెండుసార్లు చూసి, వరస రాసిచ్చారు. వాల్వు తిప్పడానికి గంట ముందు కాలనీ గ్రూపులో మెసేజ్ పెట్టే ఏర్పాటూ చేశారు. యాప్ మీద మూడు ఫిర్యాదులతో రానిది నలభై రూపాయల నోట్‌బుక్‌తో వచ్చింది.

మా పొరపాటు ఒకటుంది. దాన్ని మాట మీదే ఉంచేశాం. ఏఈ గారికి బదిలీ అయ్యాక మెసేజ్‌లు ఆగిపోయాయి. కొత్తాయనకు ఆ వరస సంగతే తెలియదు. నోట్‌బుక్ తీసుకుని మళ్ళీ వెళ్ళి, ఈసారి వార్డు మీటింగులో రాతపూర్వకంగా పెట్టించుకున్నాం. ఆ పని మొదటిరోజే చేసి ఉండాల్సింది.

## బడ్జెట్‌లో వాటా: మంచిదే, మన వీధిలో అరుదు

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం 1989లో బడ్జెట్‌లో కొంత భాగం ఎటు పోవాలో జనం సభలే తేల్చే పద్ధతి పెట్టింది. పేదల వాడలు నీళ్ళు, డ్రైనేజీ అడిగాయి. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 1988లో 75 శాతం ఇళ్ళకున్న నీటి, మురుగు కనెక్షన్లు 1997 నాటికి 98 శాతానికి చేరాయి. 2017లో అక్కడ దాన్ని నిలిపేశారు. పాలకుల ఇష్టం మీద నిలిచినది పాలకులు మారితే పోతుంది.

మన దేశంలో పుణె 2006లో ఇలాంటిది మొదలుపెట్టింది, వార్డు ఆఫీసులో ఫారం నింపి పని సూచించొచ్చు. కేరళ 1996లో ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకిచ్చి, ఆ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో గ్రామసభల్లో మాట్లాడించింది. సభకు జనం ఎందుకు రారో దీన్ని బట్టి అర్థమవుతుంది. పంచడానికి డబ్బు ఉంటే వస్తారు, చప్పట్లు కొట్టడానికైతే రారు.

సలహాలు పంపండి అనే పోర్టళ్ళ గురించి ఎక్కువ చెప్పను. 2014లో మైగవ్ వచ్చాక స్వచ్ఛ భారత్ లోగో ఆ పోటీలోనే దొరికింది. లోగోలకూ పేర్లకూ బాగుంటాయి. మీ డ్రైనేజీకి వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

## మీరెవరన్నదాన్ని బట్టి

అపార్ట్‌మెంట్‌లో ఉండే ఉద్యోగి అయితే, టైము లేదు, డబ్బుంది, పేరు బయటపడితే భయం లేదు. మీకు ఫిర్యాదు, ఆర్టీఐ జంట సరిపోతుంది. ఫిర్యాదు రెండుసార్లు ఊరికే మూసేస్తే, మూడోది పెట్టకుండా 'ఈ నంబరు ఫిర్యాదుపై తీసుకున్న చర్య నకలు' అని ఆర్టీఐ వెయ్యండి.

ఊళ్ళో కూలి పనికి వెళ్ళే కుటుంబమైతే, ఒంటరిగా దరఖాస్తు వెయ్యడం కంటే తనిఖీ బృందం వచ్చినప్పుడు నలుగురితో కలిసి మాట్లాడటం క్షేమం. జాబ్ కార్డు ఎవరి చేతికీ ఇవ్వకండి, పని చేసిన రోజులు ఇంట్లో క్యాలెండర్ మీద సున్నా చుట్టి పెట్టుకోండి. ప్రజావేదికలో ఆ క్యాలెండరే మీ లాయరు.

బడి పిల్లల తల్లులైతే మీకు అందరికంటే దగ్గరి దారి ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూలు యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులమంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగంమంది మహిళలు. మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల విషయంలో కలెక్టరేట్ దాకా వెళ్ళే ముందు ఆ కమిటీలో ఒక తీర్మానం రాయించండి.

ప్రభుత్వోద్యోగి అయి మీ ఆఫీసే మారాలనుకుంటే, యాప్ కొత్తగా చేయించే ముందు పాత ఫిర్యాదుల్ని విషయం వారీగా కుప్పలు పోయండి. పెద్ద కుప్ప ఏదో వారంలో తేలుతుంది. ఆ ఫిర్యాదులు పెట్టినవాళ్ళలో ఐదుగుర్ని పిలిచి టీ ఇచ్చి వినండి. బాబాయ్ గారిలాంటి వాళ్ళు ప్రతి కాలనీలోనూ ఉన్నారు, ఎవరూ పిలవక ఇంట్లో కూర్చున్నారు.

విదేశాల్లో ఉండి ఊరికి ఏదైనా చెయ్యాలనుకుంటే, ఆర్టీఐ భారత పౌరులకే. పాస్‌పోర్టు మారిపోయి ఉంటే ఊళ్ళో ఉన్న తమ్ముడి పేరునో, స్నేహితుడి పేరునో వెయ్యాలి. ఎక్కువమంది ఎన్నారైలు ఎంచుకునే దారి మంచినీళ్ళ ప్లాంటుకు డబ్బు పంపడం. పంపండి. కానీ దాంతో పంచాయతీ తన బాధ్యత దులిపేసుకుంటే, రెండేళ్ళకు ప్లాంటు తాళం వేసి ఉంటుంది. డబ్బు పంపే ముందే గ్రామసభ తీర్మానంలో మూడు విషయాలు రాయించి ఫొటో తెప్పించుకోండి: కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఫిల్టరు ఎన్ని నెలలకు మారుస్తారు, బిందెకు ఎంత తీసుకుంటారు.